తెల్లబట్టల సాయంత్రం

8, సోమవారం

ఓడెక్కాం. గది బాగానే ఉంది. మంచం, బల్ల, గుండ్రటి కిటికీ, దాని అవతల నీళ్ళు. వచ్చీ రాగానే ఆయన దుప్పటి అంచు ఎత్తి చూసి, "ఒక పక్కే ఇస్త్రీ చేశారు" అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి డ్రైక్లీనింగ్ షాపుకి వారం రోజులు తాళం పెట్టి వచ్చాం. దుప్పటి అంచులు చూడ్డానికి వచ్చాం కాబోలు.

టికెట్లు అమ్మాయి కొనిచ్చింది. "మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎన్నేళ్ళయిందమ్మా?" అంది. నిజమే. మా పనిలో మొహాలెవరు చూస్తారు, కాలర్లు చూస్తారు.

ఉత్తరం ఈ డైరీ అట్టలోనే దాచాను. ఆయన ఇది ముట్టుకోడు. పదిహేనో తేదీలోగా ఫోను చేసి అవునో కాదో చెప్పమంది మ్యూజియం మేడమ్. పాతబట్టలు పాడవకుండా కాపాడే పనిలో ఏడాది శిక్షణ. అక్కడే హాస్టల్లో ఉండాలి, మా ఊరి నుంచి రైల్లో ఎనిమిది గంటలు. పోయినేడు వాళ్ళ నూట యాభై ఏళ్ళ నాటి నాటకాల తెర మీద మరక తీసి ఇచ్చాను కదా, అప్పటి నుంచీ ఆవిడ కన్ను నా మీదే ఉంది. యాభై రెండేళ్ళ వయసులో నాకు సీటొచ్చింది. నాలుగుసార్లు చదువుకున్నాను, పేరు నాదే.

ఆయనకి చెప్పలేదు. ఓడలో చెబుతాను. ఇంట్లో మొదలుపెడితే షాపుకి పారిపోతాడు. ఇక్కడ ఏ రేవులోనూ ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజులు నాలుగున్నాయి. ఎక్కడికి పోతాడో చూస్తాను.

9, మంగళవారం

రేవు. ఊరంతా తిరిగాం. కాళ్ళు పీకుతున్నాయి. చెప్పలేదు. ఊరు చూసేటప్పుడు చెప్పే మాట కాదు.

10, బుధవారం

ఇవాళ రేవు లేదు. పొద్దుటి నుంచీ చుట్టూ నీళ్ళే.

ఇలాంటి రోజున జనం ఏం చేస్తారో చూశాను. ఏమీ చేయరు. కాని ఆ ఏమీ చేయకపోవడానికి వాళ్ళు పడే హైరానా చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎండ రాకముందే పైకొచ్చి కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి, ఇవి మావి అన్నట్టు ఒక చెప్పో పుస్తకమో పెట్టి టిఫిన్‌కి పోతారు. టిఫిన్ దగ్గర గంట. ఆ కుర్చీల చుట్టూ చోటు దొరకనివాళ్ళు గుటకలు మింగుతూ తిరుగుతుంటారు. నేనూ తిరిగాను. ఒకాయన తువ్వాలు మడిచి పక్కన పెట్టి కూర్చున్నాను కూడా. అరగంటకి ఆయనొచ్చి నా వంక చూసిన చూపు, నేను వాళ్ళ ఇల్లు ఆక్రమించినట్టే ఉంది.

తర్వాత డాన్సు క్లాసు, పేకాట, ఓడ చుట్టూ నడక. ఏడు చుట్లు తిరిగితే మైలట, లెక్క తప్పితే మళ్ళీ మొదటికొస్తారు. పన్నెండింటికి కెప్టెన్ మైకులో గాలి ఎటు వీస్తోందో చెప్పి, మన కింద నాలుగువేల మీటర్ల లోతుందన్నాడు. భోజనాల హాల్లో అందరం చెంచాలు ఆపి ఒకసారి నేల వంక చూసుకున్నాం.

నాకు ఇవన్నీ అక్కర్లేదు. నాకు కావలసింది ఆయన పావుగంట ఒకచోట కూర్చోవడం.

ఎదురుగది మాస్టారు కూర్చోనివ్వలేదు. రిటైరైన లెక్కల మాస్టారు. ఓడలో పదింటికీ రెండింటికీ ఐదింటికీ క్విజ్‌లుంటాయి, మూడింటికీ ఆయనే మొదట హాజరు. జట్టులో నలుగురుండాలని "ఏమండీ లాండ్రీగారూ, రండి రండి" అని ఈయన్ని లాక్కుపోయాడు. ఈయన వెళ్ళాడంటే నేనూ వెళ్ళాలి. నాలుగో మనిషి మాస్టారి భార్య. ఆవిడ అల్లిక మీంచి తలెత్తదు.

రెండో ప్రశ్నకి ఏదో జెండా బొమ్మ చూపించారు. "కళ్ళద్దాలు గదిలో మర్చిపోయాను. మధ్య గీత ఎరుపేనాండీ?" అన్నాడు మాస్టారు ఈయనతో. ఈయన పెన్సిల్ కింద పడేసి, తీసుకునే నెపంతో వంగి బల్ల కింద నా కాలు తొక్కాడు. "ఆకుపచ్చ" అన్నాను నేను.

మా ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. లేతరంగులైతే మరీ అయోమయం, లేత గులాబీ ఆయన కంటికి తెలుపే. ఈ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. అమ్మాయికి కూడా చెప్పనివ్వలేదు. రంగులు తెలియనివాడి షాపుకి బట్టలెవరు తెస్తారని ఆయన భయం. అందుకని వచ్చిన బట్టలన్నీ పొద్దున్నే నేనే వేరు చేస్తాను. కిటికీ వైపు బుట్టలో తెల్లవి, గోడ వైపు బుట్టలో రంగువి. ఆయన బుట్ట చూస్తాడు, బట్ట చూడడు. నాకు జ్వరమొస్తే "కరెంటు లేదు" అని బోర్డు తగిలించి షాపు మూసేస్తాం. మా వీధిలో కరెంటు పోయేది మా ఒక్క షాపుకే.

అందుకే చెప్పడం కష్టంగా ఉందని కాదు. సరైన సమయం దొరకలేదు, అంతే.

మూడింటికి ఎలాగో రెయిలింగ్ దగ్గరికి తీసుకెళ్ళాను. "మీకో మాట చెప్పాలి" అన్నాను.

"చెప్పు."

ఈలోగా ఒక వెయిటరు ట్రేతో వెళ్ళాడు. "ఆ కాలర్ చూశావా? గంజి అట్టలు కట్టింది" అని అతని వెంట పడ్డాడు. గంటన్నరకి వచ్చాడు. ఓడ అడుగున లాండ్రీ చూసొచ్చాడట. మొహం వెలిగిపోతోంది.

"ఒక్కో మిషను మన గదంత ఉంది!"

"మనం సెలవులో ఉన్నామండీ."

"సెలవు కాబట్టే చూశాను. షాపుంటే టైమెక్కడిది?"

ఇంకేం మాట్లాడను? రేపు చెబుతాను. రేపు రేవు కదా, అయితే ఎల్లుండి.

11, గురువారం

రేవు. ఒక స్కార్ఫ్ కొనుక్కున్నాను. "మళ్ళీ తెలుపేనా, మాసిపోతుంది" అన్నాడు. "లేత గులాబీ" అన్నాను. "అలాగా" అన్నాడు. చెప్పలేదు.

12, శుక్రవారం

చెప్పాను.

ఇవాళ్టి నుంచి వరసగా మూడు రోజులు సముద్రమే. పదకొండింటికి ఐదో అంతస్తులో తువ్వాళ్ళతో ఏనుగులూ కోతులూ చేయడం నేర్పుతారని కార్యక్రమాల కాగితంలో ఉంది. వెళ్దామన్నాడు. తువ్వాలంటే పరిగెత్తుతాడు, నేను రమ్మంటే మోకాలు నొప్పి.

నేర్పేది గదుల శుభ్రం చూసే పెద్దావిడ. నలభైమంది నలభై తువ్వాళ్ళు పట్టుకుని కుస్తీ పడుతున్నారు. మాస్టారి ఏనుగుకి తొండం బదులు మూడో చెవి వచ్చింది. ఈయన ఐదు నిమిషాలు ఓర్చుకున్నాడు. తర్వాత లేచి అందరి మడతలూ దిద్దడం మొదలుపెట్టాడు. ఆవిడ చాలా మంచిది, ఏమీ అనలేదు. క్లాసయ్యాక జనం అన్నీ కుప్పగా పడేసి భోజనాలకి పోయారు. కింద పరిచిన దుప్పట్లు కూడా ఆవిడే మడవాలట. "మేమున్నాం కదమ్మా" అన్నాడు ఈయన. నన్ను అడగలేదు, అలవాటే.

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని గుంజాలి. ఒకరు నడిచి వచ్చి రెండోవాళ్ళ చేతికి కొసలిచ్చి, వంగి కింది మడత అందుకుని మళ్ళీ వెనక్కి పోవాలి. షాపులో రోజుకి నలభైసార్లు చేస్తాం. మా సంసారంలో పెద్ద మాటలన్నీ ఇలా దుప్పటికి చెరో చివర నిలబడే చెప్పుకున్నాం. అమ్మాయి కడుపులో పడ్డ సంగతీ, మా అత్తగారికి ఆపరేషన్ తప్పదన్న సంగతీ అలాగే చెప్పుకున్నాం. ఉత్త చేతులతో ఎదురుగా కూర్చుంటే మా ఇద్దరికీ నోరు పెగలదు. ఈ మాత్రం నాకు సోమవారమే తోచి ఉంటే బాగుండేది.

మూడో దుప్పటి దగ్గర అన్నాను. "నేను మ్యూజియానికి వెళ్తున్నానండీ."

"ఇప్పుడు రేవేదీ, మ్యూజియమేదీ?"

"మన మేడమ్ మ్యూజియం. శిక్షణకి తీసుకుంటామని ఉత్తరం రాశారు. ఒకటో తేదీ నుంచి ఏడాది, అక్కడే ఉండాలి."

నడిచి రావలసిన వంతు ఆయనది. రాలేదు. దుప్పటి మా మధ్య బిగుసుకుపోయి నిలిచింది. "దగ్గరికి రావాలి సార్" అంది ఆ పెద్దావిడ నవ్వుతూ.

"ఉత్తరం ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"రెండు నెలలైంది."

"రెండు నెలలు" అని ఆగి, "మరి బుట్టల సంగతి?" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళాం ఏడాదిపాటు ఇంట్లో ఉండనంటోంది. అక్కడ ఏం తింటావు, ఎలా ఉంటావు, పోనీ నేనెలా ఉండను, ఇవేవీ కాదు. బుట్టలు!

"ఎవరినైనా పెట్టుకోండి" అన్నాను.

"పెట్టుకుని ఏమని చెప్పను? నాకు కళ్ళు సరిగ్గా లేవని చెప్పనా?" గొంతు తగ్గించే అన్నాడు. కొసలు రెండూ ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మిగిలిన పదకొండు దుప్పట్లూ నేనూ ఆవిడా మడిచాం. మా ఇద్దరి చేతులూ కలవలేదు, ఒక్క అంచూ సరిగ్గా రాలేదు.

13, శనివారం

నిన్న మధ్యాహ్నం నుంచి మాట లేదు. టిఫిన్ దగ్గర ఉప్పు కావాలంటే మాస్టారి భార్యని అడిగాడు, ఉప్పు నా ముందుంటే.

రేపు సాయంత్రం నాలుగింటికి పైన తెల్లబట్టల విందట. అందరూ తెల్లవే కట్టుకుని రావాలి. ఉన్న పని లేకపోతే కొత్త పని పుట్టిస్తారు వీళ్ళు. మూడో అంతస్తులో ప్రయాణికులే బట్టలు ఉతుక్కునే గది ఒకటుంది. దాని ముందు తెల్లచొక్కాల క్యూ పొద్దున్నే మొదలైంది. మిషన్ల కోసం దెబ్బలాడుకుంటున్నారట కూడా.

నేను పైన కుర్చీలో పడుకున్నాను. ఈసారి నేనూ తెల్లవారుతూనే తువ్వాలు పరిచి వచ్చాను, ఎవరేమనుకుంటే నాకేం. పన్నెండింటికి గదికి వెళ్తే ఆయన మంచం మీద మడతలు పేర్చి నిలబడి ఉన్నాడు. మా మాసిన బట్టల సంచీ తనే విప్పి, తెల్లవి తనే ఏరి, మాస్టారి తెల్ల ప్యాంటూ చొక్కా కూడా అడిగి పట్టుకెళ్ళి, వేడినీళ్ళలో ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చాడు.

"చూడు" అన్నాడు. నిన్నటి నుంచి నాతో అన్న మొదటి మాట. "పాలలా వచ్చాయి. ఎవరూ వేరు చేయలేదు, నేనే చేసుకున్నాను."

అడుగున నా కొత్త స్కార్ఫ్ ఉంది. రంగంతా వదిలేసి వెలవెలబోతోంది. ఆ వదిలిన రంగు ఎక్కడికి పోతుంది? ఆయన చొక్కా, ప్యాంటు, నా తెల్ల డ్రెస్సు, మాస్టారి జత, అన్నీ గులాబీ. మడతలు మాత్రం గీత గీసినట్టున్నాయి.

"తెల్లగా వచ్చాయా?" అన్నాడు.

"వచ్చాయి" అన్నాను.

ఆయన మంచం మీద కూర్చున్నాడు. కాసేపు మోకాళ్ళు రుద్దుకుని, "అయితే వెళ్ళు. ఏడాదేగా. నేను చూసుకోగలను" అన్నాడు.

పాపం అంత సంబరంగా తెచ్చాడు. ఆ మొహం చూసి ఎవరైనా అదే అంటారు. జాలేసి అన్నాను.

సాయంత్రం

మాస్టారి బట్టలు ఆయనే వెళ్ళి ఇచ్చొచ్చాడు. మాస్టారు చాలా మెచ్చుకున్నాడట. ఏమో, అంత తెలియడం లేదేమో. లేతగానే ఉంది. సాయంత్రపు ఎండలో అన్నీ ఒకలాగే కనబడతాయి.

జాలితోనే అన్నాను.

14, ఆదివారం, పొద్దున

పెట్టె అడుగున మీగడరంగు సిల్కు డ్రెస్సు ఒకటుంది, ఉతకడానికి వేయనిది. అది వేసుకుంటాను. దానికీ దీనికీ సంబంధం లేదు, అది నాకు నప్పుతుంది.

14, ఐదున్నర

రాయాలి.

పైన మూడువందల మందికి తక్కువ లేరు. నిన్న కుర్చీల కోసం కొట్టుకున్నవాళ్ళూ, మిషన్ల కోసం తిట్టుకున్నవాళ్ళూ అందరూ తెల్లగా దిగి కేకులు తింటున్నారు. ఫొటోగ్రాఫరు జనాన్ని మెట్ల మీద వరసలుగా నిలబెట్టాడు. ఈయనా మాస్టారూ మధ్యలో చేరారు. నేను కింది మెట్టు మీద ఉన్నాను.

"ఆ గులాబీ బట్టల పెద్దలిద్దరూ కొంచెం పక్కకి జరగండి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

జనం నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, సెలవులో ఉన్నవాళ్ళ నవ్వు. మాస్టారు వంగి తన కాళ్ళు చూసుకుని, "ఓరి నాయనో, ఇదెప్పుడు?" అని తనూ నవ్వాడు. "నిన్ననే చూశాను. చెయ్యి తిరిగినవాళ్ళు కదా, ఇదేదో కొత్త పద్ధతి అనుకున్నాను" అంది ఆయన భార్య. ఈయన కూడా నవ్వబోయాడు. పెదవులు కదిలాయి గాని నవ్వు రాలేదు. తన చొక్కా చెయ్యి కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు, చూస్తే తెలుస్తుందా. తర్వాత నన్ను చూశాడు.

ఒక్కో మెట్టూ దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"నీ తెల్ల డ్రెస్సు కూడా వాటితోనే ఉతికాను. అది వేసుకోలేదేం?"

సిల్కు అంచు పట్టుకుని నలుపుతూ నిలబడ్డాను.

"ఇరవై ఆరేళ్ళలో నువ్వు నాకు ఒక్క రంగూ తప్పు చెప్పలేదు" అన్నాడు.

తిట్టలేదు. తిడితే నేనూ నాలుగు అనేదాన్ని. గదికి వెళ్ళిపోయాడు. నేనిక్కడ చదువుకునే గదిలో కూర్చుని రాస్తున్నాను. పక్క బల్ల దగ్గర నలుగురు ఐదువందల ముక్కల బొమ్మ అతుకుతున్నారు. ఆకాశం ముక్క ఒకటి తక్కువైందని గంట నుంచీ ఒకటే గొడవ. లేచి ఆ బల్ల తన్నేయాలనిపిస్తోంది.

జాలి కాదు. గులాబీ అని చెబితే నేను వెళ్ళలేను. వెళ్ళాలి కాబట్టి తెలుపన్నాను. నా కళ్ళని నమ్మినవాడికి నా అవసరం కోసం తప్పు చెప్పి, సరే అనిపించుకున్నాను. నిన్న రాసినదంతా కొట్టేయాలి. కొట్టేయను, ఉండనీ.

15, సోమవారం

రేవు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఆయన ట్యాక్సీ కోసం వెళ్ళాడు.

పొద్దున లేవగానే, "నేను వెళ్ళను. మేడమ్‌కి కాదని చెప్పేస్తాను" అన్నాను. ఆయన బూట్ల తాడు కట్టుకుంటున్నాడు. ఒకటి కట్టి, రెండోది కట్టి, లేచి పెట్టె పట్టుకున్నాడు. గోడకి చెప్పుకున్నా నయమే అనిపించింది.

ఓడ దిగేటప్పుడు ఒక్కో గుంపుకీ ఒక్కో రంగు చీటీ ఇస్తారు. మైకులో మన రంగు పిలిస్తే దిగాలి. ఇంతమందిలో అంకెలు వాడొచ్చు కదా, లేదు, రంగులే కావాలి వీళ్ళకి. మా చీటీలు ఆయన చేతిలో ఉన్నాయి. హాలంతా కిక్కిరిసి ఉంది. మైకులో ఎరుపువాళ్ళు దిగొచ్చన్నారు. నేను ఆయన వెనకే ఉన్నాను, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. అలవాటుగా ముందుకి వంగాను, అడుగుతాడు, చెబుదామని.

ఆయన ముందున్న ఆవిడ భుజం దగ్గరికి వంగి, "అమ్మా, ఈ చీటీ ఏ రంగండీ? నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు" అన్నాడు.

గొంతు తగ్గించలేదు. మామూలుగా అన్నాడు. ఎవరో వింటారని అటూ ఇటూ చూశాను.

"ఆకుపచ్చండి. ఇంకా పిలవలేదు" అందావిడ. అని తన బ్యాగు సర్దుకుంది. అంతే.

పక్కన మాస్టారు ఉన్నాడు. "ప్యాంటు పాడు చేశాను మాస్టారూ. లేత గులాబీ నా కంటికి తెలుపే. ముందే చెప్పాల్సింది" అన్నాడు ఈయన.

"ఓస్, ఇంతేనా! మా తమ్ముడిదీ అదే కథ. బట్టలన్నిటికీ లోపల దారంతో గుర్తులు కుట్టించుకున్నాడు. ఫోను నంబరిస్తాను, మాట్లాడండి" అన్నాడు మాస్టారు. అని ఐదో క్విజ్‌లో తనకి జరిగిన అన్యాయం గురించి మొదలుపెట్టాడు.

ఇంతేనా! ఇరవై ఆరేళ్ళు మేం తలుపులేసుకుని కాపాడిన సంగతికి ఇంతేనా అన్నాడు.

"ఫోను చేశావా?" అన్నాడు ఈయన, వెనక్కి తిరక్కుండానే.

"లేదు."

"పదిహేను ఇవాళే. చెయ్యి."

"మొన్న నేను చెప్పింది..."

"దాని సంగతి నాకింకా మంటగానే ఉంది. ఇంటికెళ్ళాక తిడతాను. ముందు ఫోను చెయ్యి."

స్తంభం పక్కకి వెళ్ళి నంబరు నొక్కాను. అది మోగుతుండగా మైకులో ఇంకో రంగు పిలిచారు. ఆయన మళ్ళీ ఆవిణ్ణే అడిగాడు, "ఇప్పుడు మనదేనాండీ?" అని. మనదేనందావిడ. ఇద్దరూ గుంపుతోపాటు కదిలారు. ఆవిడ అటువైపని చెయ్యి చూపిస్తే ఈయన తలూపుతున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా కోపమొచ్చింది. అంత తేలిగ్గా అడగగలిగినవాడు ఇన్నేళ్ళూ నన్ను ఆ బుట్టల దగ్గర ఎందుకు నిలబెట్టాడు? పోనీ ఆయనకి తోచలేదు. ఇంకెవరినైనా అడగండని నేను మాత్రం ఒక్కసారైనా అన్నానా? అనలేదు. నన్ను తప్ప ఎవరినీ అడగకపోవడం నాకు బాగుండేది. ఇవాళ ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిణ్ణి అడిగితే ఆవిడ మీద నాకు పట్టరాని కోపమొచ్చింది.

"హలో, ఎవరండీ? లైన్లో ఉన్నారా?" అంటోంది మేడమ్.

"నేనే మేడమ్. ఒకటో తేదీ పొద్దున్నే వస్తాను" అన్నాను.